చిత్రాంగి ఊపిరి గొట్టం

కార్తీకం, బహుళ పాడ్యమి. మసక. ఎండ లేదు.

ఇంజను గది నేల మళ్లీ జారుతోంది. పొద్దున్న పాత గుడ్డలు పెట్టి శుభ్రంగా తుడిచాను. రామచంద్రపురం రేవు వదిలి, నీళ్లలో మునిగిన పాత హైవే స్తంభాలు దాటేసరికి మళ్లీ పల్చటి పొర పట్టేసింది. గోడల మీద, దీపం మీద, నా కళ్లజోడు మీద, టిఫిను డబ్బా మూత మీద, అంతటా ఆముదం ఆవిరే.

ఊపిరి గొట్టం బాగా పొగ వదులుతోంది. ఈ నమోదులు చదివే రేవు ఆఫీసు వాళ్లలో చాలామంది నూనె మండే ఇంజనును దగ్గరగా చూసి ఉండరు. అందుకని ఒక్కసారి రాసి పెడతాను. సిలిండరులో నూనె మండినప్పుడు పుట్టే వాయువు అంతా పిస్టన్ను తొయ్యడానికే పోదు. కొంత పిస్టను పక్క సందుల్లోంచి జారి, కింద క్రాంకు తిరిగే నూనె గదిలోకి దిగుతుంది. అక్కడ వేడి నూనె తుంపరలతో కలిసి పొగమంచులా మారుతుంది. దానికి బయటికి దారి కావాలి. ఆ దారినే మేం ఊపిరి గొట్టం అంటాం. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి నూనె బయటికి కక్కుతుంది. తెరిచి వదిలేస్తే ఇదిగో, గదంతా ఇలా జిడ్డవుతుంది.

ఈ ఇంజను నాకంటే వయసులో పెద్దది. మండడానికి కానుగ నూనె పోస్తాం, లోపలి రాపిడికి ఆముదం. పూర్వం రాపిడికి భూమిలోంచి తీసిన నూనె ఉండేదట. నేను డ్రైవరునయ్యేనాటికే అది కరువైపోయింది. ఆముదం మంచిదే కానీ వేడికి బంక కడుతుంది. ఆ బంక పిస్టను రింగులను పట్టేస్తుంది. రింగులు కదలకపోతే వాయువు మరింత కిందికి దిగుతుంది, పొగ మరింత పెరుగుతుంది.

నాకు ముందు ఈ గదిలో మా మేనత్త లోవమ్మ డ్రైవరు. చిన్నప్పుడు ఈ మెట్ల మీదే కూర్చుని ఆవిడను చూస్తూ ఉండేదాన్ని. పొద్దున్నే ఊపిరి గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టేది, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు. "ఇయ్యాల కుదురుగానే ఉందే" అనేది. ఆవిడ కొంగుకి ఎప్పుడూ ఇదే వాసన. తలంటు పోసుకున్నా పోయేది కాదు. ఆ కొంగు పట్టుకునే నేను నిద్రపోయేదాన్ని.

ఇవాళ నేనూ అరచెయ్యి పెట్టి చూశాను. వేడి గాలి చేతిని తోసేసింది.

బహుళ తదియ. మసక. ఎండ లేదు.

మసక కమ్మి పక్షం దాటింది. ప్రతి ఏడూ ఈ రోజుల్లో పడమటి నుంచి కొట్టుకొచ్చే బూడిదే అయినా, ఈసారి మధ్యాహ్నం కూడా నీడ పడటం లేదు. ఎండపడవలన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. వాటి డ్రైవర్లు కప్పు మీది సోలార్ పలకలు తుడిచి తుడిచి విసుగెత్తి పేకాటకు కూర్చున్నారు. తిరుగుతున్నది మా లాంచీ చిత్రాంగి ఒక్కటే.

రేవు ఆఫీసు నుంచి ఇంజనీరు కాశీపతి గారు వచ్చారు. ముప్పై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. చొక్కా మడతలు పాడవుతాయని చూడకుండా నేరుగా ఇంజను గదిలోకి దిగి, గొట్టం పట్టుకుని చూసి, వేళ్లు వాసన చూసుకున్నారు.

"రింగులు పోయాయి కదండీ మరిడేశ్వరి గారూ?"

"పోలేదండి, పట్టేశాయి. ఇప్పి బంక గోకితే మళ్లీ కదులుతాయి. మసక పోయాక ఇప్పుదావని సూత్తన్నాను."

ఆయన వేళ్లు గుడ్డకు తుడుచుకున్నారు. తర్వాత చెప్పేశారు. "నిజానికి ఈ ఇంజను ఆపేయమని చెప్పడానికే వచ్చాను. నూనె ఇంజన్ల నిషేధం నుంచి దీనికి ఇచ్చిన మినహాయింపు ఈ ఏడాదితో సరి. కానీ దారిలో ఇంకో కబురు తగిలింది. ఇప్పుడు ఆ మాట ఏ నోటితో అనను?"

ఆ కబురు పైనుంచి సరంగు చిట్టబ్బాయి బావ నోట విన్నాను. బావ లోవత్త కొడుకు. చుక్కాని దగ్గరి నుంచే వంగి అరిచాడు. "మరిడీ! నేరేడులంక గట్టు జారిపోతందంటే! అమాస పోటుకి ఆగదంట! జనాన్ని తెచ్చెయ్యాలి!"

నేరేడులంకలో ఇంకా చాలా కుటుంబాలు ఉన్నాయి. లంక చుట్టూ ఎత్తుగా మట్టిగట్టు, లోపల నీటి మట్టానికి కిందగా ఇళ్లు. గట్టు తెగితే లోపల గిన్నె నిండినట్టు నిండుతుంది. తెడ్డు పడవలు ఆ పాయ ప్రవాహాన్ని దాటలేవు. ఎండపడవలకు ప్రాణం లేదు.

"మీ ఇంజను అమావాస్య దాకా నడుస్తుందా?" అని అడిగారు కాశీపతి గారు.

నడిపిస్తానని చెప్పాను.

బహుళ పంచమి. జల్లు. ఎండ లేదు.

మొదటి ట్రిప్పు. గాలి, సన్నటి జల్లు. డెక్కు మీద కూర్చునే వీలు లేక అందరినీ కింద గదిలో కూర్చోబెట్టాం. ఆ గదికీ ఇంజను గదికీ మధ్య ఉన్నది ఒక చెక్క గోడ, ఒక తలుపు. మూటలు, కోళ్ల గంపలు, ఒక కుట్టు మిషను, చుట్టలు చుట్టిన వలలు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. అది చూడటమే కష్టమైంది.

తలుపు పక్కన సూరాయమ్మ గారని ఒక పెద్దావిడ కూర్చుంది. ఉబ్బసం మనిషి. ఒళ్లో గుడ్డమూట, దాని కింద వంటింటి పీట. నూనె ఆవిరి తలుపు సందుల్లోంచి వెళుతుంటే మూసేయబోయాను.

"అమ్మాయ్, ఆ తలుపు మూయమాకు."

"పొగ వత్తందండి పిన్నిగారూ. అసలే మీకు దగ్గు."

"దగ్గు ఎలాగూ ఉందిలే. ఆ వాసన రానియ్. మా ఆయన కొబ్బరికాయల పడవ మీద ఇంజను తోలేవోడు. పొద్దు వాలాక పడవ రేవుకి వచ్చిందంటే ముందు చప్పుడొచ్చేది, ఆ తరవాత మనిషొచ్చేవోడు, ఆఖర్న ఈ వాసనొచ్చేది. చొక్కా ఉతికితే నా సేతులు కూడా అదే వాసన." అంటూ మూలకు జరిగి కళ్లు మూసుకుంది.

ఆవిడ ముఖం చూస్తే తలుపు మూయబుద్ధి కాలేదు. కానీ ఇటు పక్క పిల్లలు దగ్గుతున్నారు. ఇద్దరు వాంతి చేసుకున్నారు. ఒక చంటిది ఏడ్చి ఏడ్చి, పాలు పట్టక, చివరకు ఏడవడం కూడా మానేసి తల వాల్చేసింది. వాళ్లమ్మ దాన్ని ఎత్తుకుని మెట్లెక్కి జల్లులోకి వెళ్లిపోయింది. మాతో వచ్చిన కాశీపతి గారు తన చొక్కా విప్పి ఆ బిడ్డ మీద కప్పారు.

తలుపు మూశాను. మూసినా వాసన ఆగలేదు. సూరాయమ్మ గారు మూసిన తలుపుకే తల ఆనించుకుని రేవు దాకా అలాగే కూర్చుంది.

రేవు చేరాక చంటిది పాలు తాగింది. కానీ ఇలా ఇంకొక ట్రిప్పు వెయ్యలేం.

బహుళ షష్ఠి.

పొడవాటి రబ్బరు గొట్టం దొరకబుచ్చుకుని, ఊపిరి గొట్టానికి తగిలించి, పక్క కిటికీలోంచి బయటికి వదిలాను. గది వెంటనే తేటపడింది. ఇంత తేలికైన పని నిన్ననే ఎందుకు చెయ్యలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ సంతోషం ఆల్చిప్పల మడుల దాకానే. వెదుళ్లు పాతి, తాళ్లకు ఆల్చిప్పలు కట్టి పెంచే ఆ మడుల మధ్య నుంచే మన దారి. మా వెనక నీళ్ల మీద రంగురంగుల తెట్టు సాగుతూ వస్తోంది. నాగరత్నం అనే ఆవిడ తెడ్డు పడవ అడ్డంగా పెట్టి నిలబడింది.

"ఓ సరంగూ! ఆపవయ్యా! మా మడి మీద నూనె పోసుకుంటా పోతన్నావేంటి?"

బావ ఇంజను తగ్గించమని సైగ చేశాడు. "లంక జనాన్ని తెత్తన్నామమ్మా, గట్టు తెగిపోతంది."

"తెండి, ఎవరొద్దన్నారు? ఈ ఆల్చిప్పలు సచ్చిపోతే మేం తినేదేంటి? వాళ్లని ఒడ్డునెట్టి మమ్మల్ని ముంచుతారా?"

 ఆవిడ చెప్పింది న్యాయం. కాశీపతి గారు గొట్టం తనే లోపలికి లాగేశారు. గొట్టం చివర చిక్కటి ఆముదం చుక్కలు చుక్కలుగా కారుతోంది. మిగతా దారంతా తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి వచ్చాం.

బహుళ సప్తమి. రేవులో.

ఇక మిగిలింది ఒకటే దారి. పొగను గదిలోకీ వదలకుండా, నీళ్లలోకీ వదలకుండా, ఇంజను గాలి పీల్చుకునే గొట్టంలోకే తిప్పాలి. తన పొగ తనే పీల్చుకుని కాల్చేసుకుంటుంది. కొత్త ఉపాయమేం కాదు. లోవత్త కాలంలో ఈ ఇంజనుకు అలాంటి ఏర్పాటు ఉండేదని, ఆ భాగం పాడైతే మళ్లీ దొరకలేదని బావ చెప్పాడు.

చిక్కేమిటంటే పొగతో పాటు నూనె తుంపర కూడా వెళుతుంది. కాస్త అయితే ఫరవాలేదు. ఎక్కువైతే ఇంజను ఆ నూనెనే ఇంధనంగా తాగడం మొదలుపెడుతుంది. కాశీపతి గారు ఈ మాట మూడుసార్లు అన్నారు.

"అప్పుడు మీరు కానుగ నూనె ఆపినా ఇంజను ఆగదు. తన నూనె తానే తాగుతూ వేగం పెంచుకుంటూ పోతుంది."

"తెలుసండి. సూడలేదు గానీ విన్నాను. అయితే మధ్యలో నూనెని ఆపే పెట్టె ఒకటి కావాలి."

పాత పాల క్యాను ఒకటి తెచ్చాను. పొగ పక్క నుంచి లోపలికి వస్తుంది, లోపల ఇనప పీచు ఉంటుంది, నూనె తుంపర పీచుకు అంటుకుని కిందికి కారుతుంది, పొగ ఒక్కటే పైనుంచి గాలి గొట్టంలోకి పోతుంది. కింద కారిన నూనె సన్న గొట్టంలోంచి మళ్లీ ఇంజను అడుగుకే చేరుతుంది. నేను కొబ్బరి పీచు కుక్కుదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు, వేడికి అంటుకుంటుందన్నారు. నిజమే. గిన్నెలు తోమే స్టీలు పీచు కావాలన్నారు.

అంత పీచు ఎక్కడిది? కాశీపతి గారే రేవు వీధిలో ఇల్లిల్లూ తిరిగారు. ఆఫీసు మనిషి గుమ్మం ముందు నిలబడి గిన్నెలు తోమే పీచు అడుగుతుంటే ఆడవాళ్లు మొదట నవ్వారు, సంగతి తెలిశాక లోపలికెళ్లి ఉన్నదంతా తెచ్చి ఇచ్చారు. లంక నుంచి వచ్చి బడి వరండాలో ఉంటున్నవాళ్లు కూడా మూటలు విప్పి తమ పీచులు ఇచ్చారు. వాటిని ఉడుకు నీళ్లలో ఉతికి, ఆరబెట్టి, క్యాను నిండా పేర్చాం.

ఇంజను వేసి చూశాం. తెల్లటి కాగితం ఒకటి ఊపిరి గొట్టం అతుకుల దగ్గర పట్టుకున్నాను. మరక పడలేదు. కాశీపతి గారు ఆ కాగితాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు.

"కింది సన్న గొట్టం మాత్రం ప్రతి ట్రిప్పుకీ ముందు పొడిచి చూడాలి. ఆముదం బంక అందులోనే ముందు పేరుకుంటుంది."

ఆ పని నాదన్నాను.

బహుళ దశమి.

ట్రిప్పులు సాగుతున్నాయి. గది నేల పొడిగా ఉంది. నాగరత్నం మడుల పక్క నుంచి పోతుంటే ఆవిడ నీళ్ల వంక చూసి, మా వంక చూసి, తెడ్డు ఎత్తి చూపించింది. కింద గదిలో పిల్లలు నిద్రపోతున్నారు.

నాకే ఏదో వెలితిగా ఉంది. గదిలో అడుగు పెడితే ఎవరిదో ఇల్లులా ఉంది. ఆ వాసన ఇంతకాలం తుడిచాను, కడిగాను, తిట్టుకున్నాను. అది పోయాక తెలిసింది, నేను రోజూ దిగుతున్నది ఇంజను గదిలోకి కాదని. లోవత్త దగ్గరికి దిగుతున్నాను.

మధ్యాహ్నం లంక రేవులో జనం ఎక్కేలోపు బావ కిందికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ముక్కు ఎగబీల్చాడు.

"వాసన లేదేంటే?"

"పెట్టెలో పడిపోతంది బావా."

"అమ్మ పోయినట్టుంది మళ్లీ" అన్నాడు. లేచి పైకి వెళ్లిపోయాడు.

పెద్దవాళ్లు ఒకప్పుడు మా ఇద్దరికీ పెళ్లి అనుకున్నారు. ఆ ఏడే పెద్ద ముంపు వచ్చింది. ఎవరు ఎటు కొట్టుకుపోయారో తెలిసేసరికి కొన్నేళ్లు గడిచాయి, ఎవరి సంసారాలు వాళ్లవయ్యాయి. ఇప్పుడు ఆ సంసారాలూ లేవు. ఆయన భార్య, నా భర్త, ఇద్దరూ వేర్వేరు జ్వరాల కాలాల్లో వెళ్లిపోయారు. మేం ఒకే లాంచీలో, ఆయన పైన, నేను కింద, ఇన్నాళ్లుగా పనిచేస్తున్నాం.

ఇదంతా రేవు ఆఫీసుకు అక్కరలేదు. అయినా కొట్టేయను.

అమావాస్య. నిన్నటి సంగతి ఇవాళ రాస్తున్నాను.

నిన్న చివరి ట్రిప్పు. మేం లంక రేవు చేరేసరికే గట్టు తూర్పు మూల నీళ్లు ఊటలా పైకి చిమ్ముతున్నాయి. మిగిలినవాళ్లంతా గట్టు మీదే నిలబడి ఉన్నారు. వాళ్లలో సూరాయమ్మ గారు కూడా. ఒడ్డు చేరిన మనిషి, మరిచిపోయిన సామాను కోసమని మధ్య ట్రిప్పులో తిరిగి వచ్చేసిందట. వచ్చాక ఇల్లు వదల్లేకపోయింది. చంకలో అదే పీట.

రేవులో ఉన్నప్పుడు సన్న గొట్టం పొడిచి చూడాలి. నేను తీగ చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే గట్టు మీద అరుపులు వినిపించాయి. తూర్పు మూల పెద్ద పెళ్ల ఒకటి విరిగి లోపలికి పడింది. కాశీపతి గారి వంక చూశాను.

"ఇప్పుడు పొడవాలంటే ఇంజను ఆపాలండి."

"ఆపితే మళ్లీ అందుకుంటుందన్న నమ్మకం ఉందా?"

"వేడి మీద అందుకోడానికి మారాం సేత్తది."

"అయితే వద్దు. పదండి."

ఇద్దరం కలిసే ఆ నిర్ణయం తీసుకున్నాం. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే అంటాం.

పాయ మధ్యకు వచ్చేసరికి పోటు ఎదురైంది. లాంచీ ఒక్కసారి బాగా పక్కకి ఒరిగి లేచింది. అప్పుడు ఇంజను గొంతు మారింది. మొదట కాస్త హుషారుగా, తర్వాత సన్నగా, తర్వాత కీచుమంటూ పైకి పైకి పోయింది. నా చెయ్యి ఇంధనం మీట మీదకి దానంతట అదే వెళ్లింది. పూర్తిగా మూసేశాను. వేగం తగ్గలేదు, ఇంకా పెరిగింది. పొగగొట్టంలోంచి తెల్లటి పొగ మేఘంలా చిమ్మింది. గది గోడలు వణుకుతున్నాయి. సన్న గొట్టం మూసుకుపోయి పెట్టె నిండిందని, ఒరిగినప్పుడు ఆ నూనె అంతా గాలి గొట్టంలోకి పోయిందని నాకు అర్థమైంది.

"గాలి మూసెయ్యాలి!" అని అరిచారు కాశీపతి గారు.

గాలి గొట్టం మూతి అన్నం కంచమంత ఉంటుంది. చెయ్యి పెడితే చెయ్యి ఉండదు. గోనెసంచి పెడితే సంచి లోపలికి పోతుంది. గట్టిగా, బల్లపరుపుగా ఉండేది కావాలి. తలుపు తోసి చూస్తే ఎదురుగా సూరాయమ్మ గారు.

"పిన్నీ, పీట!"

ఆవిడ ఎందుకని అడగలేదు. రెండు చేతులతో ఎత్తి ఇచ్చేసింది.

తడిగోనె ఒక మడత పీటకు చుట్టి, మూతి మీద పెట్టి నా బరువంతా వేశాను. లోపలి నుంచి ఇంజను ఎంత బలంగా లాగిందంటే పీట నడుమ నెర్ర విచ్చుకుంది. ఆ నెర్రలోంచి ఈల వినిపించింది. కాశీపతి గారు నా మీదుగా వంగి తన రెండు అరచేతులతో ఆ నెర్ర మూసి పట్టుకున్నారు. ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. లోపల ఏదో ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు పెద్దగా వచ్చింది. తర్వాత ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో ముందు వినిపించింది నీళ్ల చప్పుడు. దూరంగా, బియ్యం బస్తా ఒంపినట్టు ఒకటే ధార. గట్టు తెగింది. లాంచీ నెమ్మదిగా ఆ తెగిన గండి వైపే వెనక్కి జారుతోంది.

బావ లంగరు వేశాడు. మెత్తటి బురదలో అది పట్టలేదు, ఈడ్చుకుంటూ వస్తోంది. "గెడలు తియ్యండి! ఎవరికి దొరికిన గెడ ఆళ్లు పట్టండి!" అన్నాడు. లంక మనుషులంతా లేచారు. గెడలు చాలక కొందరు కప్పు మీది వెదుళ్లు పీకి నీళ్లలో దించారు. అందరం కలిసి పొడిచి పట్టుకుంటే జారడం తగ్గింది, ఆగలేదు.

అప్పుడు మడుల వైపు నుంచి తెడ్డు పడవలు వచ్చాయి. ముందు పడవలో నాగరత్నం. వాళ్లు తెల్లటి పొగ చూశారట. ప్రవాహం అంచు దాకా వచ్చి తాళ్లు విసిరారు. ఆల్చిప్పలు కట్టే లావుపాటి తాళ్లవి. పాత సెల్ టవరు ఒకటి అక్కడ నీళ్లలోంచి తల ఎత్తి ఉంటుంది. వాళ్లు తాడు కొస తీసుకెళ్లి దానికి నాలుగు చుట్లు చుట్టారు. తాడు బిగిసింది. లాంచీ నిలబడింది.

"పొగ చూసి తగలబడిపోతన్నారనుకున్నానయ్యా!" అంది నాగరత్నం, రొప్పుతూ.

పోటు సద్దుమణిగే దాకా అక్కడే ఉన్నాం. నేరేడులంక నిండటం అక్కడి నుంచే చూశాం. ఇంజను లేకపోబట్టి ప్రతి చప్పుడూ వినిపించింది. పెంకులు జారడం, చెట్టు ఒకటి ఒరగడం, ఎవరో కట్టు విప్పి వదిలేసిన గేదె అరుపు. ఆ గేదె ఈదుకుంటూ పశ్చిమ గట్టు మీదికి ఎక్కింది. అది ఎక్కినప్పుడు జనం ఒక్కసారిగా ఏడ్చారు. అంతవరకూ ఎవరూ ఏడవలేదు.

సూరాయమ్మ గారు నా పక్కకు వచ్చి నా ముంజేతిని పట్టుకుని వాసన చూసింది. చేయి వదల్లేదు.

మధ్యాహ్నం తెడ్డు పడవలు మమ్మల్ని లాక్కుంటూ రేవుకు చేర్చాయి. అందరూ దిగారు. అందరూ.

మార్గశిరం, శుద్ధ దశమి.

ఇంజను విప్పాం. ఒక కడ్డీ వంగిపోయింది, క్రాంకు పగిలింది. ఒక పిస్టను సిలిండరుతో కలిసి అతుక్కుపోయింది. మళ్లీ నడవదు. ఈ మాట రాయడానికి నాలుగు రోజులు ఆగాను, ఇంకేదైనా మార్గం కనపడుతుందేమోనని.

కాశీపతి గారు రోజూ వస్తున్నారు. తప్పు తనదేనని ఒకసారి అన్నారు. "ఆ పెట్టె పెట్టకపోతే ఇంజను మిగిలేది."

"పెట్టకపోతే ఆ తర్వాత తెచ్చిన చంటోళ్లు మిగిలేవోళ్లా అండి?" అన్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చిత్రాంగి పొట్ట బలంగా ఉందని, ఎండ మోటారు, బ్యాటరీలు పెట్టి నడపొచ్చని ఆయన ఆఫీసులో పట్టుబట్టి ఒప్పించారు. మసకలో పనికొచ్చేలా పెద్ద బ్యాటరీలే ఇస్తున్నారు. నన్ను డ్రైవరుగా, బావను సరంగుగా ఉంచారు.

ఇంజను పైకి లేపిన రోజు రేవు వీధి వాళ్లు చాలామంది వచ్చారు. పెద్దవాళ్లు దగ్గరికి వచ్చి తాకి చూశారు. ఒకాయన చిన్నప్పుడు ఈ చప్పుడు వినే బడికి బయలుదేరేవాడట. ఇంకొకావిడ పెళ్లికూతురుగా ఈ లాంచీలోనే వచ్చిందట, పట్టుచీరకు అంటిన నూనె మరక ఇప్పటికీ ఉందట. ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో కథ. ఇంతమంది దీన్ని ఇంతగా తలుచుకుంటున్నారని నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. కింద ఉన్నదాన్ని, ఎవరు ఎక్కారో ఎవరు దిగారో ఎప్పుడు చూశాను?

అందరూ వెళ్లాక ఖాళీ గది కడిగాను. సబ్బు నురగ మొదట గోధుమ రంగులో వచ్చింది, తర్వాత తెల్లగా వచ్చింది. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మాఘం, శుద్ధ సప్తమి. ఎండ ఉంది.

రథసప్తమి. కొత్త మోటారుకు మొదటి ట్రిప్పు. నిండా జనం. మీట కదిపితే లాంచీ కదిలింది, అంతే. కదిలిందని నాకు తెలియడానికి కిటికీలోంచి ఒడ్డు చూసుకోవలసి వచ్చింది.

కింద ఉండవలసిన పని లేదు. కాసేపు బ్యాటరీ మీటర్లు, దీపాలు చూసి డెక్కు మీదికి వచ్చాను. జనం మాట్లాడుకుంటున్నారు. ఎవరి మేనకోడలికో నెలలు నిండాయట. ఎవరో వంకాయ నారు కోసం వెళుతున్నారట. ఒక మూల సన్నగా పాడుకుంటున్నారు. ఇన్నేళ్లుగా ఈ మాటలన్నీ నా నెత్తి మీదే నడిచాయన్నమాట.

"మరిడీ! ఎడం పక్కన ఇసక మేటుందే! నెమ్మదిగా పోనీ!"

బావ అరుపుకు లాంచీ అంతా ఉలిక్కిపడింది. ఒక పిల్ల నిద్రలేచి ఏడుపు అందుకుంది. ఆ పిల్ల తల్లి బావను కొరకొరా చూసింది. నేను చుక్కాని దగ్గరికి వెళ్లాను.

"అంత అరవమాకు బావా. ఇంజను లేదు కదా. నేను ఇక్కడే ఉన్నాను."

ఆయన నా వంక చూశాడు.  మాకు మాటలంటే పైనుంచి కిందికి, కింది నుంచి పైకి కేకలే. మామూలుగా మాట్లాడితే ఆయన గొంతు ఎలా ఉంటుందో నేనెప్పుడూ సరిగ్గా వినలేదని ఆ క్షణంలోనే తట్టింది. ఆయనకూ అదే తట్టినట్టుంది.

చుక్కాని కాస్త కుడికి తిప్పి, ఇసక మేట దాటించి, అప్పుడు చాలా నెమ్మదిగా అన్నాడు.

"మరైతే ఇప్పుడు ఏం మాట్టాడుకుందామే?"

సన్నటి, కాస్త బొంగురు గొంతు. బాగుంది.

పక్కన బల్ల మీద కూర్చున్నాను. వెళ్లేటప్పుడూ మాట్లాడుకున్నాం, వచ్చేటప్పుడూ మాట్లాడుకున్నాం. మోటారు బాగా నడిచింది. వేరే నమోదు చేయవలసిందేమీ లేదు.